టూల్ చెస్ట్‌కు పాత పక్క పెట్టె బిగించి, రంగు వేయడం ఎలా?

టూల్ చెస్ట్ అంటే పనిముట్లు పెట్టుకునే చక్రాల సొరుగుల పెట్టె; దాని పక్క గోడకు తగిలించేది పక్క పెట్టె. వాడేసిన పక్క పెట్టెల్లో నేను చూసినవి చాలావరకు బిగింపు తప్పి పాడైనవే. రంధ్రాలు సాగి, రేకు చిరిగి ఉంటుంది. వాటిని తెచ్చుకున్నవాళ్లు ముందు చకచకా రంగు కొట్టేసి, ఆ కొత్త రంగు మీద డ్రిల్లు పెడతారు. గీతలు పడక ఏమవుతుంది? ముందు తొలిచి, ఒకసారి బిగించి చూసి, విప్పి, అప్పుడు రంగు వేయాలి. అది ఆరాక మళ్లీ బిగించాలి. రెండుసార్లు బిగించే ఓపిక లేనివాళ్లు కొత్తదే కొనుక్కోవచ్చు.

డ్రిల్లు, సెంటర్ పంచ్, ఎం8 (8 మి.మీ. లావు) బోల్టులు, నైలాన్ లాక్ నట్లు, వెడల్పాటి వాషర్లు, 3 మి.మీ. మందం ఇనుప పట్టీ, కారు జాకీ, చెక్క పలక, గరుకు కాగితాలు, ప్రైమర్, ఎనామెల్ స్ప్రే డబ్బాలు, కళ్లద్దాలు, మాస్కు ఉంటే చాలు. పెట్టెలోవి, చెస్ట్‌లోవి సొరుగులన్నీ తీసేయండి. తాళం కూడా విప్పండి. జిడ్డును కిరోసిన్‌తో, కిరోసిన్‌ను సబ్బు నీళ్లతో కడగండి.

ఇక అసలు పని రంధ్రాలు. చెస్ట్ గోడకు, సొరుగుకు మధ్య ఉండే ఖాళీ సాధారణంగా చానెల్ (సొరుగు జారే పట్టా) మందమంతే, అంటే 12.7 మి.మీ. నట్టు, వాషర్, బయటికి పొడుచుకొచ్చిన మర కలిస్తే ఆ ఖాళీ దాదాపు నిండిపోతుంది. అందుకే బోల్టు తల చెస్ట్ లోపల, నట్టు పక్క పెట్టె లోపల ఉండాలి. సగం తెరుచుకుని ఆగిపోయే సొరుగుల వెనక ఉండే కథ ఇదే. బోల్టులు చానెళ్లకు తగలని ఎత్తులో పడుతున్నాయో లేదో కూడా లోపలి నుంచి చూసుకోండి.

పెట్టెను చేతులతో ఎత్తి పట్టుకుని గుర్తులు పెట్టకండి. జాకీ మీద పలక వేసి, పలక మీద పెట్టెను నిలిపి, కావలసిన ఎత్తుకు లేపండి. చెస్ట్ చక్రాలను చుట్టూ తిప్పి చూడండి. తిరిగే చక్రం గోడ దాటి బయటికి వచ్చి పెట్టె అడుగుకు తగలవచ్చు. రసమట్టాన్ని ముందు చెస్ట్ పైన పెట్టండి. నేల వాలుగా ఉంటే పెట్టె కూడా చెస్ట్‌తో పాటే వాలాలి తప్ప, విడిగా సమంగా నిలబడకూడదు.

ముందు పై వరుసలో రెండు రంధ్రాలే వేయండి. పంచ్‌తో గుంట పెట్టి, 3 మి.మీ. బిట్‌తో దారి చేసి, తరువాత 8.5 మి.మీ. బిట్ వాడండి. బోల్టులు వదులుగా తొడిగి, మట్టం మళ్లీ చూసి, అప్పుడు కింది వరుసకు వెళ్లండి. నాలుగూ ఒకేసారి తొలిచేవాళ్లకు నాలుగోది ఎప్పుడూ కలవదు. పెట్టె బరువు పై బోల్టులను బయటికి లాగుతుంది, కింది అంచును గోడకు నొక్కుతుంది. కాబట్టి ఇనుప పట్టీ చెస్ట్ లోపల, పై బోల్టుల తలల కింద ఉండాలి. పాత రంధ్రాలు సాగి ఉంటే వాటి జోలికి పోకుండా పక్కన కొత్తవి వేయండి.

సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు (తమ మర తామే కోసుకునేవి) చాలంటారు కొందరు. మిల్లీమీటరు మందం రేకులో అవి పట్టుకునేది మహా అయితే ఒక మర. వెల్డింగ్ అయితే రేకును వంచేస్తుంది, మళ్లీ విప్పనివ్వదు. బోల్టుకు సాటి లేదు.

రంగు సులువు. తుప్పు ఉన్నచోట 180 నంబరు గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దండి. గట్టిగా ఉన్న పాత రంగును 320తో గరుకు చేస్తే చాలు, పూర్తిగా గీకనక్కర్లేదు. చానెళ్లకు టేపు వేసి, రంధ్రాల అంచులతో సహా ప్రైమర్ పట్టించండి. డబ్బాను సుమారు 25 సెం.మీ. దూరంలో కదుపుతూ పలుచని పూతలు వేయండి. మరుపూత ఎంతసేపటిలో వేయాలో డబ్బా మీద ఉంటుంది. చాలా ఎనామెల్ రంగులకు గంటలోపు, లేదంటే ఒకటి రెండు రోజుల తరువాత. మధ్యలో వేస్తే కింది పూత ముడతలు పడుతుంది. బ్రష్ ముట్టుకోకండి. చెస్ట్ రంగుకు జోడీ వెతకకండి, పాతబడిన ఎరుపుకు కొత్త ఎరుపు కలవదు. ముదురు బూడిద రంగు వేయాలి, అంతే.

చేతికి అంటనంత మాత్రాన ఆరినట్టు కాదు. వారం ఆగి బిగించండి, లేకపోతే వాషర్ కింద రంగు నలిగి ఊడుతుంది. బరువైన పనిముట్లు ముందు చెస్ట్ కింది సొరుగుల్లో సర్దాకే పక్క పెట్టె నింపండి, లేదంటే మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది. కొన్నాళ్లు వాడాక పై నట్లను మరోసారి బిగించండి.