ధ్యాస కుదిరే చోటు – మూడో పాఠం: మంచం దిగి కూర్చోండి

పోయిన పాఠంలో ఫోన్ సంగతి చూశాం కదా, సైలెంట్‌లో పెట్టి బల్ల మీద బోర్లించినంత మాత్రాన సరిపోదు, కంటికి చేతికి అందకుండా వేరే గదిలో ఉండాలి అని. 2017లో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ప్రయోగంలో ఫోన్ బల్ల మీద పెట్టుకున్నవాళ్ళ కంటే వేరే గదిలో వదిలేసి వచ్చినవాళ్ళు టెస్టులు బాగా చేశారని కూడా చెప్పుకున్నాం. పీజీ హాస్టల్లో ఉంటున్నాం, వేరే గది ఎక్కడిది అంటారా, చదివే రెండు గంటలు పక్క రూమ్ ఫ్రెండ్‌కి ఇచ్చేయండి, వాళ్ళ ఫోన్ మీరు తీసుకోవద్దు అంతే.

ఇవాళ్టి పాఠం ఆ పీజీ గది గురించే. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చి అన్నానగర్‌లో సివిల్స్ కోచింగ్ తీసుకునేవాళ్ళు, వేళచ్చేరిలో ఉంటూ ఓఎంఆర్ అనే ఐటీ కంపెనీల రోడ్డులో జాబ్ చేస్తూ రాత్రిళ్ళు సర్టిఫికేషన్‌కి చదివేవాళ్ళు, చెన్నైలో చాలామందికి గది అంటే మూడు మంచాలు, మధ్యలో నడవడానికి జానెడు చోటు, అంతే. దాంతో ఏం జరుగుతుందంటే టిఫిన్ తినేది మంచం మీదే, రీల్స్ చూసేది అక్కడే, అమ్మకి ఫోన్ చేసేది అక్కడే, పుస్తకం తెరిచేదీ అక్కడే, ఇక పది నిమిషాలకి ఒళ్ళు ఒరిగిపోతే అది మీ బద్ధకం అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకోవడం. దయచేసి తిట్టుకోకండి. పరుపు మీద వాలగానే నిద్ర రావడం ఒంటికి మనమే నేర్పిన అలవాటు, అది దాని పని అది చేస్తోంది.

రిచర్డ్ బూట్జిన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1972లో నిద్రపట్టనివాళ్ళ కోసం ఒక పద్ధతి చెప్పారు. నిద్ర ముంచుకొస్తేనే మంచం ఎక్కండి, అక్కడ చదవొద్దు, టీవీ చూడొద్దు, తినొద్దు, నిద్ర పట్టకపోతే లేచి వేరే గదిలోకి వెళ్ళిపోండి, మళ్ళీ నిద్రొచ్చాకే రండి. నిద్రలేమికి ఇవాళ్టికీ డాక్టర్లు చెప్పే పద్ధతుల్లో ఇదొకటి. ఒక చోటుకి ఒకే పని కట్టేస్తే ఆ చోటుకి వెళ్ళగానే ఒళ్ళు ఆ పనికి సిద్ధమవుతుంది అన్నది దీని వెనకున్న ఆలోచన. నిద్రకి పనికొచ్చిన ఈ లెక్కనే మనం చదువుకి తిప్పి వాడుకుందాం. మంచం మీద చదవడం వల్ల చదువూ పోతుంది, నిద్రా పోతుంది, నాకు ఎక్కువ బాధనిపించేది ఆ రెండోదే.

సరే, చోటు ఎక్కడిది? గోడకీ మంచానికీ మధ్య ఒక చాప పట్టినా చాలు. మడతపెట్టే చిన్న బల్ల ఒకటి కొనుక్కోండి, లేదంటే ఎగ్జామ్ ప్యాడ్ ఒళ్ళో పెట్టుకోండి. మొహం గోడవైపు, వీపు మంచంవైపు. పరుపు కనిపించకూడదు, గదిలోకి వచ్చేపోయేవాళ్ళూ కనిపించకూడదు. టేబుల్ లైట్ ఉంటే కుడిచేత్తో రాసేవాళ్ళు ఎడమపక్కన పెట్టుకోండి, చెయ్యి నీడ పేజీ మీద పడదు. ముందు ఇప్పుడు చదివే పుస్తకం, ఒక నోట్సు, పెన్ను, నీళ్ళ బాటిల్, మిగతావన్నీ వీపు వెనక్కి. నాలుగు సబ్జెక్టుల పుస్తకాలు దొంతరగా ఎదురుగా పెట్టుకుంటే చదివేదాని మీద కంటే చదవనివాటి మీదే మనసు పోతుంది. విసుగొచ్చిందా, లేచి బయటికి వెళ్ళండి, టెర్రస్ మీద తిరిగి రండి, కానీ ఆ చాప మీద కూర్చుని మాత్రం రీల్స్ చూడొద్దు, తినొద్దు. నిద్రొస్తే మంచమెక్కి హాయిగా పడుకోండి, చాప మీద కునుకు తీయొద్దు. మొదట్లో అరగంటే కూర్చోండి, పర్లేదు, చాప మీద ఉన్నంతసేపు చదువే జరగాలి, అది ముఖ్యం.

రూమ్మేట్ల మాటల సంగతి కూడా చెప్పాలి. ఫ్యాన్ గరగర ఎంతున్నా కాసేపటికి చెవి అలవాటుపడుతుంది, ఎందుకంటే అది మారదు. మనిషి గొంతు అలా కాదు, క్షణక్షణం మారుతుంటుంది. అందులోనూ ఫోన్‌లో మాట్లాడేవాళ్ళతో ఇంకా కష్టం, మనకి ఒకవైపు మాటలే వినిపిస్తాయి కాబట్టి అవతలివాళ్ళు ఏమన్నారో అని మనసు దానంతటదే ఊహిస్తూ ఉంటుంది. 2010లో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు కూడా ఇదే గమనించారు, ఇద్దరి సంభాషణ విన్నప్పటి కంటే సగం సంభాషణ విన్నప్పుడే పనిలో తప్పులు పెరిగాయట. కాబట్టి రూమ్మేట్‌ని గదిలో మాట్లాడొద్దు అనకండి, పాపం వాళ్ళెక్కడికి పోతారు, "అన్నా, ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా కాల్స్ మాత్రం వరండాలో మాట్లాడుకోవా, నీ చదువుకి నేనూ అలాగే చేస్తా" అని అడగండి, టైమ్ చెప్పి అడిగితే ఎవరూ కాదనరు.

గదిలో అసలు కుదరదంటే కొట్టూర్పురంలో అన్నా శతజయంతి గ్రంథాలయం ఉంది, 2010లో తెరిచారు, సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకోడానికి అక్కడ విడిగా ఒక విభాగమే ఉంది. వేళచ్చేరి వాళ్ళకి ఒకే లోకల్ ట్రైన్, మారక్కర్లేదు. ఎగ్మోర్ వైపు ఉంటే 1896 నాటి కన్నిమరా లైబ్రరీ ఉండనే ఉంది. అయితే రానూపోనూ రెండు గంటలు పట్టేటట్టయితే రోజూ వద్దు, ఈ ఎండల్లో వెళ్ళేసరికే నీరసం, ఆదివారం మాక్ టెస్ట్ రాసుకోడానికి వాడుకోండి, రోజువారీ చదువు చాప మీదే కానివ్వండి.

ఈ వారం పని ఇదీ. చాప దగ్గర నోట్సు చివరి పేజీ ఖాళీగా ఉంచండి, చదువు మధ్యలో లేచిన ప్రతిసారీ ఎందుకు లేచారో ఒక్క మాటలో రాయండి, దాహం, కాల్, ఉక్కపోత, నడుం నొప్పి, ఏదైనా సరే. వచ్చే పాఠంలో ఆ పేజీ ముందు పెట్టుకునే గాలి, వెలుతురు, కూర్చునే తీరు ఒక్కొక్కటే సరిచేసుకుందాం.