సిగ్నాగి: ముందు తివాచీలు, తర్వాతే వైన్

జార్జియా రాజధాని తిబిలిసి నుంచి సిగ్నాగి సుమారు 110 కిలోమీటర్లు. కాఖేతి ప్రాంతంలో కొండ మీద ఉన్న ఈ చిన్న ఊరు తివాచీలకు, వైన్‌కు పేరుపొందింది. ఒక్కరోజులో హాయిగా చూసి రావచ్చు. కాకపోతే వరస తప్పకూడదు.

1. పొద్దున్నే బయల్దేరండి. తిబిలిసిలోని సామ్‌గోరి మెట్రో స్టేషన్ దగ్గర మర్ష్రూత్కాలనే వ్యాన్లు దొరుకుతాయి. ప్రయాణం దాదాపు రెండు గంటలు. దిగగానే తిరుగు వ్యాన్ వేళలు డ్రైవర్నే అడిగి రాసుకోండి. చివరిది తప్పితే టాక్సీయే గతి. కొంత నగదు జార్జియా కరెన్సీ అయిన ‘లారీ’ల్లో దగ్గరుంచుకోండి.

2. కోటగోడ ఎక్కండి. 18వ శతాబ్దంలో రెండో ఎరెక్లే రాజు కట్టించిన ఈ గోడకు 23 బురుజులున్నాయి. కింద అలజానీ లోయ, మబ్బు లేకపోతే ఎదురుగా కాకసస్ మంచుకొండలు. ఎండ ముదరకముందే వెళ్లడం మేలు.

3. మ్యూజియంలో జార్జియా చిత్రకారుడు పిరోస్మానీ వేసిన బొమ్మలు చూడండి. సోమవారం సెలవు.

4. ఇక తివాచీలు. వీధి గోడల మీదే వేలాడదీసి అమ్ముతారు. రంగులు చూసి మోజుపడకండి, ముందు వెనక్కి తిప్పండి. చేతి నేతలో ముడులు అక్కడక్కడా ఎగుడుదిగుడుగా ఉంటాయి. అంచు కుచ్చులు పడుగు దారాలకే కొనసాగింపు. విడిగా కుట్టినట్టుంటే మిషన్ సరుకేమోనని అనుమానించండి. తడి తెల్లబట్టతో ఓ మూల రుద్దితే రంగు నిలుస్తుందో లేదో తెలిసిపోతుంది (అడిగి రుద్దండి!). బేరం మొహమాటం లేకుండా ఆడొచ్చు. అంత డబ్బు పెట్టలేకపోతే ఉన్ని మేజోళ్లు ఉన్నాయి.

5. రెండు కిలోమీటర్ల దూరంలో బోడ్బే మఠం. జార్జియాకు క్రైస్తవాన్ని తెచ్చిన సెయింట్ నినో సమాధి ఇక్కడే ఉంది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. ఆడవాళ్లు తలకు స్కార్ఫ్ కట్టుకోవాలి.

6. ఇప్పుడు వైన్. ముందే తాగితే తివాచీ బేరం ఎలా సాగుతుందో నాకు అనుభవమే! క్వెవ్రీలో పులియబెట్టిన వైన్ అని ప్రత్యేకంగా అడగండి. క్వెవ్రీ అంటే భూమిలో పాతిన పెద్ద మట్టి కాగు. రకాత్సితెలీ తెల్ల ద్రాక్షే అయినా, తొక్కలతో సహా అందులో నెలల తరబడి నానడంతో వైన్ తేనెరంగుకు తిరుగుతుంది, కాస్త వగరుగా ఉంటుంది. మొదటి గుక్కకు నచ్చకపోవచ్చు. జున్నుతో మళ్లీ ప్రయత్నించండి. ఎర్రది కావాలంటే సపెరావి. సీసాలు కొంటే విమానంలో చేతి సంచిలో కాకుండా చెక్-ఇన్ పెట్టెలో, కొన్న మేజోళ్లలో దూర్చి పెట్టండి.