జబ్బుపడిన పిల్లి తిండి ముట్టకపోతే ఏం చేయాలి?

కుక్క ఒకపూట తిండి మానేస్తే మర్నాటికి సర్దుకుంటుందిలే అని ఊరుకునేవాళ్లు ఉంటారు. పిల్లి విషయంలో ఆ ధీమా పనికిరాదు. తిండి ఆగిపోగానే పిల్లి ఒంట్లోని కొవ్వు కరిగి పెద్దఎత్తున కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును వాడుకునే శక్తి దాని కాలేయానికి లేదు. వచ్చిందంతా అక్కడే పేరుకుపోయి చివరికి లివర్ పనే మందగిస్తుంది. దీన్ని హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. రెండు మూడు రోజుల పస్తుతోనే మొదలు కావచ్చు. బొద్దుగా ఉన్న పిల్లులకే ఈ ముప్పు ఎక్కువ. అందుకే "ఒంట్లో కండ ఉంది కదా, రెండు రోజులు తినకపోతే ఏమవుతుంది" అనే మాట లావు పిల్లి విషయంలో అసలే అనకూడదు.

కాబట్టి ముందు గంటలు లెక్కపెట్టండి. పెద్ద పిల్లి 24 గంటలుగా ఏమీ తినకపోతే పశువైద్యుడికి ఫోన్ చేయాల్సిందే. కూనలకు అంత గడువు లేదు, 12 గంటలు కూడా ఆగొద్దు. ఇంకా పాలు తాగే వయసులో ఉన్నవాటికైతే కొన్ని గంటలకే రక్తంలో చక్కెర పడిపోతుంది. పూర్తిగా మానకుండా రోజూ తినేదాంట్లో సగానికన్నా తక్కువ తింటూ రోజులు గడుస్తుంటే అది కూడా పస్తు కిందే లెక్క. ఇంట్లో రెండు మూడు పిల్లులుంటే ఏది ఎంత తింటోందో తెలియదు. జబ్బుపడినదానికి వేరే గదిలో పెట్టి, పెట్టేముందు ఒకసారి, తీసేముందు ఒకసారి గిన్నెను గ్రాముల్లో తూచండి. ఖాళీ గిన్నె కనిపించినంత మాత్రాన అదే తిన్నదనుకోలేం.

ఎలా వద్దంటోందో చూడండి

ఇంట్లో మీరు చేయగలిగిన పనుల్లో నా దృష్టిలో దీన్ని మించింది లేదు. గిన్నె పెట్టి, బతిమాలకుండా, మీద చేయి వేయకుండా కాస్త దూరంగా కూర్చుని అయిదు నిమిషాలు గమనించండి. "తినడం లేదు" అనే ఒక్క మాట కింద చాలా రకాల తినకపోవడాలున్నాయి. ఒకదానికి పనికొచ్చే ఉపాయం ఇంకోదానికి ఎదురు తిరుగుతుంది.

పిల్లి ఆత్రంగా వచ్చి నోరు పెట్టిందనుకోండి. రెండుసార్లు నమిలి, తల విదిలించి, ముద్ద కింద పడేసింది. లేదా ఒక పక్కతోనే నములుతోంది, చొంగ కారుతోంది, ముందు కాలితో మూతి గీరుకుంటోంది. దానికి ఆకలి బాగానే ఉంది, నొప్పల్లా నోట్లో. పుచ్చిన పన్ను, వాచిన చిగుళ్లు, నాలుక మీద పుండ్లు (పిల్లులకు జలుబు తెచ్చే కాలిసివైరస్ సోకితే ఇవి వస్తాయి) ఏవైనా కావచ్చు. డాక్టరు చూసేదాకా బిరుసు గింజల్లా ఉండే పొడి తిండి మానేసి, మెత్తగా నలిపి గోరువెచ్చని నీళ్లతో జారుడుగా చేసింది పెట్టండి.

రెండో రకం పిల్లి దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, పెదాలు నాక్కుంటుంది, గుటకలు మింగుతుంది, మూతి తిప్పుకుని వెళ్లిపోతుంది. కొన్ని గిన్నె పక్కన నేలను కాలితో గీకి, తిండిని కప్పెట్టేస్తున్నట్టు చేస్తాయి. చాలామంది దీన్ని మారాం అనుకుంటారు. నిజానికి ఇది ఎక్కువగా వికారం. కిడ్నీ జబ్బు, పాంక్రియాస్ వాపు, లివర్ జబ్బు, కొన్ని మందులు, అన్నీ కడుపులో తిప్పేవే. వాంతి కాకపోయినా వికారం ఉండొచ్చు.

మూడో రకం అసలు రాదు. మంచం కిందో బీరువా వెనకో, కాళ్లు ఒంటి కిందకి ముడుచుకుని, తల వాల్చి, కళ్లు సగం మూసుకుని ఉంటుంది. జ్వరం కావచ్చు, ఎక్కడో నొప్పి కావచ్చు. ఇల్లు మారడం, కొత్త జంతువు రావడం వంటివాటికి బెదిరినా ఇలాగే నక్కి కూర్చుంటుంది. పిల్లికి మామూలు ఒంటి వేడి 38.1 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. అంటే మనకు జ్వరం అనిపించే వేడి దానికి మామూలే, చెవి పట్టుకుని తేల్చలేం.

ఇక ముక్కు దిబ్బడ వేసిన పిల్లి. వాసన తెలియకపోతే పిల్లికి అది తిండే కాదు. జలుబు తగ్గి హుషారు వచ్చినా కొన్ని ముక్కు తెరుచుకునేదాకా గిన్నెవైపు చూడవు.

చూసింది చూసినట్టు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. డాక్టరు టేబుల్ మీద పిల్లి ఇవేవీ చేయదు, బొమ్మలా బిగుసుకుపోతుంది.

ఆలస్యం చేయకూడని గుర్తులు

నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది, లేదా నిద్రలో ఉన్నా నిమిషానికి 40 సార్లకు మించి డొక్క ఎగురుతోంది. చిగుళ్లు, చెవుల లోపలివైపు, కళ్లలోని తెలుపు పసుపెక్కాయి. పదేపదే వాంతి. లేచి నిలబడలేకపోతోంది. కీటకనాశని, మనుషుల మాత్ర, లిల్లీ మొక్క ఆకు లేదా పువ్వు, వీటిలో ఏదైనా నోట్లో పడిందని అనుమానం (లిల్లీ పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు పాడవుతాయి). వీటిలో ఒక్కటి కనిపించినా ఇంట్లో ప్రయోగాలు ఆపి బయల్దేరండి.

గండుపిల్లి మాటిమాటికీ లిట్టర్ బాక్సులోకి (మలమూత్రాలకు పెట్టే పెట్టెలోకి) వెళ్లి ముక్కుతూ, చుక్క మూత్రం కూడా రాకుండా తిరిగొస్తుంటే అది మలబద్ధకం అనుకుని కూర్చోవద్దు. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతుంటే లాగొద్దు. రెండో కొస పేగుల్లో ఎక్కడో చిక్కుకుని ఉంటే, లాగినకొద్దీ పేగు కోసుకుపోతుంది.

వికారం ఉంటే ముందు గిన్నె తీసేయండి

ప్రేమ కొద్దీ చాలామంది చేసే పని, పిల్లి ఎటు తిరిగితే అటు గిన్నె జరపడం, మూతికి కాస్త పూయడం, పక్కలో నాలుగు రకాలు పేర్చడం. వాంతి వచ్చేలా ఉన్న మనిషిని వంటింట్లో కూర్చోబెట్టినట్టే ఇది. పైగా పిల్లి జ్ఞాపకం గట్టిది. ఏ తిండి వాసన చూసినప్పుడు కడుపులో తిప్పిందో ఆ తిండిని జబ్బు తగ్గాక కూడా ముట్టకపోవచ్చు. జబ్బులో ఉండగా దానికి కొత్తగా మందు డైట్ (జబ్బుకు తగ్గట్టు ప్రత్యేకంగా చేసిన తిండి) అలవాటు చేయొద్దని వెట్‌లు, అంటే పశువైద్యులు, చెప్పేది అందుకే. కిడ్నీ డైట్ పెట్టాలన్నా సరే, అది కాస్త కోలుకుని ఇంట్లో మామూలుగా తింటున్నప్పుడు మొదలుపెట్టాలి.

వికారానికి మందులున్నాయి, మారోపిటాంట్ వాటిలో ఒకటి. ముందు అది తగ్గాలి, తర్వాతే ఆకలి సంగతి. ఆకలి పుట్టించే మందులూ ఉన్నాయి. మిర్టాజపిన్‌ను మాత్రగానూ, చెవి లోపలి చర్మానికి రాసే లేపనంగానూ ఇస్తారు. లేపనమైతే గ్లౌజులు వేసుకుని రాయాలి, లేకపోతే మందు మీ ఒంట్లోకీ ఎక్కుతుంది. అయితే పేగులో అడ్డం ఉన్న పిల్లికో నోరు పుండైన పిల్లికో ఉత్త ఆకలి మందు వేస్తే ప్రయోజనం ఏముంది? కారణం వెతకాల్సిందే.

తినబుద్ధి పుట్టించడం

కడుపు కుదుటపడ్డాక ఈ పనులు చేయండి. తిండిని ఒంటి వేడికి, అంటే సుమారు 38 డిగ్రీలకు వెచ్చబెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ముద్దకు వాసన ఉండదు. మైక్రోవేవ్‌లో పెడితే ఒకచోట కాలుతూ ఇంకోచోట చల్లగా ఉంటుంది కనుక బాగా కలిపి, మీ మణికట్టు మీద పెట్టి చూసుకోండి. లోతు గిన్నె బదులు వెడల్పాటి పళ్లెంలో ఒక్క చెంచాడే పెట్టండి. అరగంటలో తినకపోతే తీసేసి, రెండు మూడు గంటలకు తాజాగా మళ్లీ పెట్టండి. లిట్టర్ బాక్సుకు దూరంగా, మిగతా పెంపుడు జంతువులు రాని చోటు అయితే మేలు. వేలిమీద కాస్త తీసి అందిస్తే నాకే పిల్లులున్నాయి, ఎవరూ లేనప్పుడే తినేవీ ఉన్నాయి. మీది ఏ రకమో మీకే తెలుసు.

ముక్కు దిబ్బడ ఉంటే తడి గుడ్డతో పక్కులు మెత్తబరిచి తుడవండి. వేడినీళ్ల ఆవిరి నిండిన స్నానాలగదిలో మీరూ దానితో పాటు పది నిమిషాలు కూర్చుని, ఆ వెంటనే తిండి పెట్టండి. మనం జలుబుకు రాసుకునే బామ్‌లు, ఆవిరి నూనెలు మాత్రం దాని దగ్గరికి రానివ్వొద్దు. అవి పిల్లికి విషంతో సమానం.

చక్కెర కలిపితే తింటుందేమో అని ఆశపడకండి, పిల్లి నాలుకకు తీపి తెలియదు. ఉల్లి, వెల్లుల్లి తగిలినవి, పొడి రూపంలో ఉన్నా సరే, దాని ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పసిపిల్లల కోసం అమ్మే మాంసం గుజ్జు పెట్టాలనుకుంటే అందులో ఉల్లి పొడి ఉందేమో డబ్బా మీద చదవండి. పాలు చాలా పెద్ద పిల్లులకు అరగక విరేచనాలు పట్టిస్తాయి. మందు మాత్ర తిండిలో కలపడం కూడా మానండి, చేదు తగిలితే ఉన్న ఒక్క తిండీ చేజారుతుంది. పారాసెటమాల్ అయితే ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం తీయడానికి.

నీళ్ల సంగతి మరవొద్దు. కిలో బరువుకు రోజుకు సుమారు 50 మిల్లీలీటర్లు, తిండిలోని తడితో కలిపి. చిగుళ్లను వేలితో తాకితే జిగటగా, ఆరిపోయినట్టు తగులుతున్నాయంటే ఒంట్లో నీరు తగ్గింది. దానికి గిన్నెలో నీళ్లు పెడితే చాలదు, వెట్ దగ్గర సెలైన్ పెట్టించాలి.

సిరంజితో పట్టాల్సి వస్తే

డాక్టరు పట్టమంటేనే పట్టండి. వాంతులవుతున్నా, మగతగా ఉన్నా, ఆయాసపడుతున్నా అసలు వద్దు. తిండి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

1. వెట్ ఇచ్చిన గుజ్జు తిండిని గోరువెచ్చగా చేసి, సూది లేని చిన్న సిరంజిలో నింపండి.
2. పిల్లిని పొట్ట మీద మామూలుగా కూర్చోబెట్టి, మీ ఒంటికి దాని వీపు ఆనేలా పట్టుకోండి. గింజుకునేదైతే మెడ కిందనుంచి తువ్వాలు చుట్టండి. వెల్లకిలా పడుకోబెట్టొద్దు, తల పైకెత్తొద్దు.
3. సిరంజి కొసను మూతి పక్కనుంచి, కోరపన్ను వెనక ఉన్న ఖాళీలో పెట్టండి. ఎదురుగా గొంతులోకి గురిపెట్టకూడదు.
4. అర మిల్లీలీటరు, మహా అయితే ఒకటి వదిలి ఆగండి. గొంతు కదిలి మింగిందని చూశాకే రెండోది.
5. దగ్గినా, ఓకరించినా, గట్టిగా పెనుగులాడినా ఆ పూటకు ఆపేయండి.

4 కిలోల పిల్లికి కదలకుండా పడుకున్నా రోజుకు దాదాపు 200 కిలోకేలరీలు కావాలి. అయితే చాలా రోజులు పస్తున్నదానికి మొదటిరోజే అంతా కుక్కితే రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ ఒక్కసారిగా పడిపోయి ప్రాణానికే ముప్పు. మొదటిరోజు అందులో నాలుగో వంతో మూడో వంతో ఇచ్చి, మూడు నాలుగు రోజుల్లో పెంచుకుంటూ పోతారు. ఈ లెక్క డాక్టరు చేత రాయించుకోండి.

రోజంతా పెనుగులాడినా సిరంజితో వెళ్లేది కొంచెమే. మిమ్మల్ని చూడగానే పిల్లి దాక్కోవడం మొదలుపెడితే ఫీడింగ్ ట్యూబు గురించి మీరే అడగండి. మెడలో గొట్టం అనగానే చాలామంది జడుసుకుని చివరి క్షణం వరకు వాయిదా వేస్తారు, అప్పటికి మత్తు ఇవ్వడానికే పిల్లి ఒంట్లో సత్తువ ఉండదు. మెడ పక్కనుంచి అన్నవాహికలోకి వేసే ట్యూబు చిన్న పని. దాన్ని వారాల తరబడి ఉంచుకోవచ్చు. తిండి, నీళ్లు, మందులు అన్నీ అందులోంచే పోతాయి కనుక ఇంట్లో రోజువారీ యుద్ధం ఉండదు. తిండి పట్టే ముందూ, పట్టాకా ప్రతిసారీ ట్యూబులోకి గోరువెచ్చని నీళ్లు పంపి కడగాలి, కట్టు కింద చీము పట్టిందేమో చూస్తుండాలి.

ట్యూబు ఉండగానే పిల్లి నోటితో తినగలదు. అందుకే పట్టే ముందు ప్రతిసారీ ఒక చెంచాడు తిండి పళ్లెంలో పెట్టి చూడండి. మొదట వాసన చూస్తుంది, ఒకనాడు నాకుతుంది. సొంతంగా కొన్ని రోజులపాటు సరిపడా తిని, బరువు తగ్గకుండా నిలిస్తే వెట్ ట్యూబు తీసేస్తారు. ఆ రంధ్రానికి మామూలుగా కుట్లు కూడా అక్కర్లేదు, దానంతటదే పూడుకుపోతుంది.