కాన్వాస్ బూట్లకు ఇంట్లో రంగు వేసే ముందు చూసుకోవాల్సినవి

వెలిసిపోయిన బూట్లకు రంగు వేయాలనుకుంటే మే ఎండలుండగానే కానివ్వండి. గోదారి జిల్లాల్లో ముసురు పట్టిందంటే లోపలి స్పాంజి ఆరదు, వాసన కొడుతుంది.

• బూట్లను రంగునీళ్లలో మరిగించొద్దు. వేడికి జిగురు మెత్తబడి సోల్ ఊడుతుంది. చన్నీళ్లలో పట్టే రియాక్టివ్ రంగు తీసుకుని బ్రష్‌తో పూయండి.

• గుడ్డ నూలో కాదో తేల్చుకోండి. లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చండి. కాగితంలా కాలి బూడిదైతే నూలు. కరిగి పూస కడితే పాలిస్టర్, దానికి ఈ రంగు పట్టదు. నూలు బూట్లకైనా కుట్టు దారం తరచూ పాలిస్టరే. అది తెల్లగానే మిగులుతుంది.

• నీటి చుక్క వేసి చూడండి. ఇంకకుండా జారితే పైన పూతో, నూనె మరకో ఉన్నట్టు.

• బకెట్‌కు తుప్పు చార కట్టే బోరు నీళ్లు వద్దు, ఇనుము వల్ల రంగు మసకబారుతుంది. ఇవి కాలువలకు నీళ్లు ఆపేసే రోజులు కాబట్టి క్యాన్ నీళ్లు వాడండి, రంగు కలపడానికి అర లీటరు చాలు.

• బట్టల సోడా సిద్ధంగా ఉందా? అది లేకపోతే రంగు పోగుకు అతుక్కోదు, మొదటి వానకే సాక్సులకు అంటుతుంది. వెనిగర్ దీనికి బదులు కాదు. సోడా కలిపాక గంటలోపే పూసేసి, పాలిథిన్ కవర్‌లో చుట్టి రాత్రంతా తడిగా ఉంచండి.

• రబ్బరు అంచుకు వాసెలిన్ రాయండి. రంగు పొడి కలిపేటప్పుడు మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి.

• వంట గిన్నెలు వాడొద్దు.