ఎన్ని హెచ్‌పీల ట్రాక్టరు? ముందుగా వెనక కట్టేది చెప్పండి

నా షెడ్డు ముందు బండి ఆపి "ఏ ట్రాక్టరు కొనమంటావు?" అని అడిగినవాళ్లకు నేను కంపెనీ పేరు చెప్పను. మీ నేల ఏమిటి, వెనక ఏం కడతారు అని ఎదురు ప్రశ్న వేస్తాను. ఎకరాల లెక్క ఆ తర్వాతే.

ఎర్ర నేలలో మట్టిని తిప్పి గుల్ల చేసే అయిదడుగుల రోటవేటరును 40 హెచ్‌పీ బండి హాయిగా తిప్పుతుంది. అదే రోటవేటరును ఎండిన నల్లరేగడిలో దించితే ఇంజిను మూలుగుతుంది, 45 దాటితేగాని ఊపిరి ఆడదు. తొమ్మిది చెక్కల గొర్రుకు 40 ప్రాంతం చాలు. రెండు రెక్కల రివర్సిబుల్ నాగలి కట్టే ఉద్దేశం ఉంటేనే 50 వైపు చూడండి.

బానెట్ మీద రాసేది ఇంజిను శక్తి. రోటవేటరును తిప్పేది పీటీఓ షాఫ్టు, అంటే ఇంజిను శక్తిని పనిముట్టుకు అందించే వెనక కడ్డీ. అక్కడికి చేరేసరికి పది నుంచి పదిహేను శాతం తగ్గుతుంది. 45 బండికి అక్కడ ఉండేది 38, 40 మధ్య. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదిక ఇస్తుంది. డీలరును అది చూపించమనండి. రంగుల కరపత్రం కన్నా నమ్మకం.

వరి దమ్ముకు పెద్ద బండే మేలనుకుంటారు. అడుగు గట్టిగా ఉన్న మడిలో నిజమే. ఊబి నేలలో మాత్రం బరువైన బండి ఇరుసు దాకా దిగబడుతుంది, లాగడానికి ఇంకో బండి రావాలి. అక్కడ కాస్త తేలికైన ఫోర్‌వీల్ డ్రైవ్ నయం.

పత్తి, పసుపు, పండ్ల తోటల్లో అంతర సేద్యమే ప్రధానమైతే హెచ్‌పీ మరిచిపోయి టేపు తీయండి. వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలవండి. సన్న రకం మినీ ట్రాక్టర్లు మూడడుగులకు అటూ ఇటూగా ఉంటాయి. నాలుగడుగుల సాలులో ఒక్కో వైపు అరడుగే మిగులుతుంది. మొక్క గుబురు కట్టాక అదీ ఉండదు. తోటలో అయితే కొమ్మల ఎత్తు కూడా కొలవాలి, లేకుంటే పొగగొట్టమే మామిడి పిందెలు రాలుస్తుంది. ఇలాంటి పనికి 20 నుంచి 28 హెచ్‌పీ ధారాళంగా సరిపోతుంది. ఇంటి దగ్గర పేడ తోలడానికీ, నీళ్ల ట్యాంకరు లాగడానికీ అదే పనికొస్తుంది, చిన్న ట్యాంకరైతే.

వెనక తగిలించే ట్రక్కు (ట్రాలీ) విషయంలో మాత్రం నేను మొండివాణ్ణి. చిన్న బండి ధాన్యం లోడును చదును రోడ్డు మీద లాగేస్తుంది, కానీ చెరువు కట్ట దిగేటప్పుడు ఆపలేదు. వెనక బరువు ముందుకు తోస్తుంటే బ్రేకు ఏం చేస్తుంది? లోడు తోలే పని ఉంటే బరువున్న బండే తీసుకోండి.

అయిదెకరాలకు 55 బండి కొని వాకిట్లో నిలబెట్టుకోవడం నాకు నచ్చదు. పక్క రైతుల పొలాలకు అద్దెకు తిప్పే ఓపిక ఉంటే అది వేరే మాట. అప్పుడు పనిముట్లకూ డబ్బు ఉంచుకోవాలి.

ఏ బండి అయినా సంతకం పెట్టే ముందు డెమో మీ పొలంలోనే చేయించండి, షోరూము వెనక ఖాళీ స్థలంలో కాదు. రోటవేటరు పూర్తి లోతుకు దించి ఒక సాలు తిప్పించండి. ఇంజిను గొంతు బొంగురుపోయి, నల్ల పొగ ఆగకుండా వస్తుంటే ఒక సైజు చిన్న రోటవేటరు కట్టి మళ్లీ తిప్పమనండి. బేరం ఆ తర్వాత మొదలుపెట్టండి.