ఆటోమేటిక్ కారు ఒకే గేరులో ఇరుక్కుపోతే

బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో కారు ఉన్నట్టుండి ఒకే గేరులో ఉండిపోయి, ఎంత తొక్కినా ఈడ్చుకుంటూ పోతోందంటే గేర్‌బాక్స్ పోయిందని బెంగపడకండి. చాలాసార్లు అది గేర్‌బాక్స్‌ను నడిపే కంప్యూటర్ తీసుకున్న జాగ్రత్తే. గేర్‌బాక్స్‌లోకి వచ్చే, బయటికి వెళ్లే షాఫ్టుల వేగాన్ని సెన్సర్లతో కొలిచి, వేసిన గేరు నిష్పత్తితో పోల్చుకుంటుంది. లెక్క కుదరకపోతే గేర్‌బాక్స్ లోపలి క్లచ్ జారుతోందని అనుమానించి, సోలనాయిడ్లకు (గేర్లు మార్చే కరెంటు వాల్వులకు) కరెంటు ఆపేస్తుంది. అప్పుడు ఆయిల్ ప్రెషర్ మీదే ఒక గేరు, సాధారణంగా మూడోదో ఆ దరిదాపుల్లోదో, నిలుస్తుంది.

ఆపి స్టార్ట్ చేస్తే ఒక్కోసారి మామూలైపోతుంది. అయినా వదిలేయొద్దు.

ఆటోనగర్‌కు తీసుకెళ్తే కంప్యూటర్‌లో నమోదైన తప్పుల కోడ్లు చెరిపే ముందే రాయించుకోండి. పి0700 ఒక్కటే చూసి బాక్స్ విప్పనివ్వకండి. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో తప్పు నమోదైందని మాత్రమే దానర్థం. అసలు తప్పేంటో తెలియాలంటే ఆ కంప్యూటర్‌నూ చదివే స్కానర్ కావాలి. పి0715 ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్, పి0720 అవుట్‌పుట్ సెన్సర్: ముందు కనెక్టర్, వైరు చూడాలి. పి0730 అయితే నిష్పత్తి తప్పినట్టు. గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం, మాడు వాసన చూడండి. బ్యాటరీని మరవొద్దు: ఇంజిన్ నడుస్తుండగా 13.5 వోల్టుల కంటే బాగా తగ్గితే తప్పుడు కోడ్లు రావచ్చు.