ఎండల్లో కారు ఆంప్ ఆగిపోతోందా? ఫ్యాన్ కొనేముందు ఇవి చూడండి

మే నెల వచ్చిందంటే చెన్నైలో కారు స్పీకర్లకి పవర్ ఇచ్చే ఆంప్ (యాంప్లిఫయర్) పెట్టించుకున్న వాళ్లందరిదీ ఒకటే గోడు. పాట బాగానే మొదలవుతుంది, కాసేపటికి బాస్ మాయం, ఆంప్ మీద ఎర్ర లైటు. "ఈ ఎండలకి అంతే అన్నా" అని సరిపెట్టుకుంటారు. 40 డిగ్రీల ఎండ ఆంప్‌కి కష్టమే కానీ, సరిగ్గా బిగించిన ఆంప్ దాన్ని తట్టుకుంటుంది. డిసెంబరులోనూ ఉన్న లోపమే మే నెలలో బయటపడుతుంది, అంతే.

ముందు ఒకటి తేల్చుకోండి. ఆగిపోగానే ఆంప్ ఒంటిని ఒక్కసారి తాకి చూడండి. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉండి, పది పదిహేను నిమిషాలు వదిలేస్తే దానంతటదే పలికితే అది వేడి సమస్యే. ఒళ్లు గోరువెచ్చగానే ఉన్నా ఎర్ర లైటు వస్తే వేడితో సంబంధం లేదు. స్పీకర్ వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి బాడీకి తగులుతోందేమో వెతకండి.

జామ్‌లో ఆగుతుంది, హైవే మీద ఆగదు

నెల్లూరు దాకా హాయిగా పాడిన సిస్టమ్, చెన్నై అడయార్‌లోని ‘మధ్య కైలాష్’ సిగ్నల్ దగ్గర మొండికేస్తుంది. బండి ఆగి ఇంజను ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించేది) ఇచ్చే కరెంటు తక్కువ. ఏసీ, రేడియేటర్ ఫ్యాను, హెడ్‌లైట్లు అన్నీ దాని మీదే పడతాయి. వోల్టేజీ పడిపోతే, రెగ్యులేటెడ్ సప్లై ఉన్న ఆంప్ అదే పవర్ ఇవ్వడానికి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇంకా వేడెక్కుతుంది.

మల్టీమీటర్ తీసుకుని, ఇంజను ఆన్‌లో పెట్టి, పాట గట్టిగా పెట్టి ఆంప్ టెర్మినళ్ల దగ్గరే కొలవండి. 13.5 నుంచి 14.4 మధ్య ఉంటే మంచిది. బ్యాటరీ దగ్గర 14 ఉండి ఆంప్ దగ్గర 12.5 చూపిస్తే తప్పు వైరింగుదే. కిట్లలో వచ్చే వైరు చాలాసార్లు రాగి పూత పూసిన అల్యూమినియమే. అదే మందం రాగి తీగ కంటే దానిలో నష్టం ఎక్కువ. ఫ్యూజ్ హోల్డర్ కూడా చూడండి. ప్లాస్టిక్ రంగు మారి, మెత్తబడి ఉంటే అక్కడ కనెక్షన్ లూజు.

ఎర్త్ (ఆంప్ నెగెటివ్‌ని కారు బాడీకి కలిపే వైరు) సంగతి వేరే చెప్పాలి, ఎక్కువమంది దాన్నే వదిలేస్తారు. మీటరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కి, రెండోది ఆంప్ ఎర్త్ టెర్మినల్‌కి పెట్టి, పాట నడుస్తుండగా చూడండి. సున్నాకి దగ్గరగా ఉండాలి. అర వోల్టు కనిపిస్తే బోల్టు విప్పండి. రింగు కింద పెయింటు అలాగే ఉంటుంది, లేదంటే తుప్పు. తిరువాన్మియూరు, ఈసీఆర్ వైపు ఉండేవాళ్లకి సముద్రపు గాలి పుణ్యమా అని తుప్పే ఎక్కువ. ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి.

సౌండ్ పెంచిన కాసేపటికే ఆగుతుంది

గెయిన్ నాబ్ వాల్యూమ్ కాదు. స్టీరియో సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టేది అది. దాన్ని చివరిదాకా తిప్పితే సౌండ్ చీలుతుంది, ఆంప్ మీద భారం పెరుగుతుంది, వూఫర్ (బాస్ స్పీకర్) కాయిల్ కూడా మాడుతుంది. బాస్ బూస్ట్ సున్నాకి తెచ్చి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి, గెయిన్ మెల్లగా పెంచుతూ, చీలిక వినబడగానే కొంచెం వెనక్కి తిప్పి వదిలేయండి.

స్పీకర్ల మీద రాసి ఉండే ఓమ్స్ (కరెంటుకి అవి ఇచ్చే అడ్డు) కూడా లెక్క చూసుకోండి. ఓమ్స్ తగ్గేకొద్దీ ఆంప్ మీద భారం పెరుగుతుంది. రెండు 4 ఓమ్స్ వూఫర్లు ప్యారలల్‌లో కలిపితే 2 ఓమ్స్ అవుతుంది. చాలా ఆంప్‌లు బ్రిడ్జ్ చేసినప్పుడు (రెండు చానెళ్లు కలిపి ఒకటిగా వాడినప్పుడు) 4 ఓమ్స్ కంటే తక్కువ లోడ్‌కి పనికిరావు. కొంతకాలం నడుస్తాయి, వేసవిలో మొరాయిస్తాయి.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా కాలుతోంది

అప్పుడు చోటు చూడాలి. డిక్కీకి ఏసీ గాలి అందదు, పైగా ఎండలో ఆపిన కారు లోపల బయటికంటే చాలా వేడిగా ఉంటుంది. ఆంప్‌ని డిక్కీ పైకప్పుకి తలకిందులుగా బిగిస్తే హీట్ సింక్ (వేడిని బయటికి వదిలే రెక్కల లోహపు ఒళ్లు) వేడి మళ్లీ సర్క్యూట్ మీదికే ఎక్కుతుంది. రెక్కలు నిలువుగా వచ్చేలా నిలబెట్టి బిగిస్తే మేలు. సీటు కింద పెట్టినా పర్వాలేదు, ఏసీ గాలి కొంత చేరుతుంది. కాకపోతే మ్యాటు దాన్ని కప్పేయకూడదు. బీచ్‌కి వెళ్లొచ్చిన ఇసుక, వేరుశెనగ పొట్టు రెక్కల మధ్య చేరితే బ్రష్‌తో దులపండి.

ఆంప్‌లలో రకాలున్నాయి. పాత క్లాస్ ఏబీ రకం ఆంప్ తీసుకున్న కరెంటులో సగానికి దగ్గరగా వేడిగానే పోతుంది. క్లాస్ డీ అయితే 80 శాతం పైన స్పీకర్‌కి వెళ్తుంది. వూఫర్‌కి ఇంకా ఏబీ వాడుతుంటే మార్చడమే నయం.

ఇప్పుడు ఫ్యాన్. చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరికే 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్ చాలు. రెక్కల వెంబడి గాలి పారేలా, వేడి గాలి బయటికి పోయే దారి ఉండేలా పెట్టండి. దారి లేకపోతే అదే వేడి గాలి అక్కడక్కడే తిరుగుతుంది. రిమోట్ వైరుకి (స్టీరియో ఆన్ చేస్తే ఆంప్‌ని ఆన్ చేసే సన్న వైరు) ఫ్యాన్ నేరుగా కలపకండి, ఆ వైరు ఎక్కువ కరెంటు ఇవ్వలేదు. మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) పెట్టి, ఫ్యాన్ లైనుకి చిన్న ఫ్యూజ్ వేయండి. తడిగుడ్డ, ఐసు ప్యాకెట్ల జోలికి మాత్రం పోవద్దు. చెన్నై ఉక్కపోతకి చల్లటి ఒంటి మీద నీరు పట్టి బోర్డులోకి దిగుతుంది.

పాట పెట్టకుండానే ఆంప్ కాలిపోతున్నా, ఒక పక్కే కాలుతున్నా, కమురు వాసన వచ్చినా పైవన్నీ వదిలేయండి. లోపల భాగాలు పోయినట్టే. బ్యాటరీ దగ్గరి మెయిన్ ఫ్యూజ్ తీసేసి, ఆంప్ విప్పి రిపేరుకి ఇవ్వండి. పెద్ద ఫ్యూజ్ వేసి మళ్లీ ప్రయత్నిస్తే ఈసారి మాడేది వైరు.